కచేరీ గుణనిర్ణయం

కచేరీ గుణనిర్ణయం అనగా వేదికపై అప్పటికప్పుడు కల్పించి పాడే లేదా వాయించే సంగీతం ఎంత సమర్థంగా సాగిందో వివేచించి చెప్పడం. ముందుగా వ్రాసి ఉంచిన రచనను ఉన్నది ఉన్నట్లు వినిపించే సంగీతంలో రచనను, ప్రదర్శనను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. కల్పన ప్రధానమైన సంగీతంలో ఆ వీలు లేదు. పోల్చి చూడడానికి మూలప్రతి ఉండదు, విన్నదే మూలం. కర్ణాటక సంగీత కచేరీ, హరికథ, తెలంగాణలోని ఒగ్గు కథ, పాశ్చాత్య దేశాలలో జాం బ్యాండ్ అని పిలిచే బృందాల ప్రదర్శన ఈ కోవకు చెందినవి.

ఈ నిర్ణయం కేవలం రసికుల కాలక్షేపం కాదు. ఆకాశవాణిలో కళాకారునికి ఏ శ్రేణి దక్కుతుంది, సభలు ఎవరిని పిలుస్తాయి, పాఠశాల పోటీలో ఏ బాలికకు ప్రోత్సాహం లభిస్తుంది అనేవన్నీ దీనిపైనే ఆధారపడతాయి. తప్పుడు కొలబద్దతో కొలిస్తే మంచి విద్వాంసుడు వెనుకబడతాడు, గారడీ చేసేవాడు ముందుకు వస్తాడు.

నియతం, అనియతం

కల్పనను అంచనా కట్టాలంటే ముందు కల్పన కానిది ఏదో తెలియాలి. కృతిలోని సాహిత్యం, రాగం, తాళం, పాఠాంతరంగా వచ్చిన సంగతులు నియతమైనవి. రాగాలాపన, తానం, నెరవు, కల్పనస్వరాలు, తని ఆవర్తనం అనియతమైనవి. వీటినే మనోధర్మం అంటారు. కొత్త శ్రోతలు తరచుగా కృతిలోని సంగతులను గాయకుని సొంత కల్పనగా భావించి మెచ్చుకుంటారు. అదే కృతిని మరొక గాయకుని నోట విన్న తరువాత గాని ఆ సంగతులు గురువుల నుంచి సంక్రమించినవని తెలియదు.

ఈనాడు మనం చూసే కచేరీ క్రమాన్ని (వర్ణంతో మొదలై చిన్న కృతులు, ప్రధాన కృతి, తని ఆవర్తనం, చివర తేలికపాటి రచనలు) ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) స్థిరపరచారని ప్రతీతి. ఈ క్రమంలో మనోధర్మానికి కేటాయించిన చోటు స్పష్టంగా ఉంటుంది కనుక శ్రోత ఎక్కడ చెవి నిగిడ్చి వినాలో ముందే తెలుస్తుంది. రాగం తానం పల్లవి పాడే కచేరీలో పరీక్ష అంతా అక్కడే జరుగుతుంది.

రాగాలాపన

ఆలాపనలో మొదటి ప్రశ్న రాగం ఎంత త్వరగా తన ముఖం చూపించింది అన్నది. రెండు మూడు ప్రయోగాలలో రాగం తెలిసిపోవాలని పెద్దలు అంటారు. శ్రోతను ఊహలో ఉంచి ఆడించడం గొప్పతనమని కొందరు అనుకుంటారు గాని సంప్రదాయం దానిని అంతగా మెచ్చదు.

సన్నిహిత రాగాల వద్ద అసలు పరీక్ష వస్తుంది. ఆరభి, దేవగాంధారి రాగాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. రెండింటికీ ఆరోహణ అవరోహణలు ఒకటే. ఆరోహణలో గాంధార నిషాదాలు ఉండవు, అవరోహణ సంపూర్ణం. కాగితం మీద స్వరాలు వ్రాసి చూస్తే రెండింటికీ తేడా కనిపించదు. వినికిడిలో మాత్రం ఆరభి స్వరాలు సూటిగా, నడక వడిగా ఉంటాయి. దేవగాంధారిలో గమకాలు సాగుతూ నడక విలంబంగా ఉంటుంది. దేవగాంధారి పాడుతూ వేగం పెంచిన గాయకుడు తెలియకుండానే ఆరభిలోకి జారిపోతాడు. ఒక్క అపస్వరం కూడా పలకకపోయినా అది పెద్ద దోషమే. దర్బారు, నాయకి రాగాల జంట కూడా ఇటువంటిదే. అందువల్ల స్వరజ్ఞానం మాత్రమే ఉన్న న్యాయనిర్ణేత ఆలాపనను సరిగా తూచలేడు, రాగాల నడవడి తెలియాలి.

రెండవ ప్రశ్న విస్తరణ. మంద్ర, మధ్య, తార స్థాయులలో ఒక్కొక్క విశ్రాంతి స్వరం దగ్గర నిలిచి, అక్కడ చెప్పవలసినది చెప్పి పైకి సాగడం మంచి పద్ధతి. అదే ప్రయోగాన్ని వేగం మార్చి నాలుగు మార్లు తిప్పడం విస్తరణ అనిపించుకోదు.

నెరవు, తెలుగు శ్రోత

కృతిలోని ఒక పాదాన్ని తీసుకొని, మాటలు మారకుండా, తాళంలో వాటి స్థానాలు చెదరకుండా, రాగాన్ని మాత్రం రకరకాలుగా పరచడం నెరవు. తమిళ ఉచ్చారణననుసరించి నెరవల్ అని కూడా వ్యవహరిస్తారు. ఈ అంశంలో తెలుగు శ్రోతకు మిగిలినవారికి లేని సౌకర్యం ఒకటి ఉంది. కర్ణాటక సంగీత రచనలలో అధిక భాగం తెలుగులో ఉన్నాయి. త్యాగరాజు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, రామదాసు వ్రాసినది మన భాష. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన బృహద్గ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శిని కూడా తెలుగు లిపిలోనే అచ్చయింది. కనుక గాయకుడు మాటను ఎక్కడ విరిచాడో మనకు వెంటనే తెలుస్తుంది.

పదచ్ఛేదం చెడితే రాగం ఎంత బాగున్నా నెరవు చెడినట్లే. సంబోధనను దాని క్రియ నుంచి విడదీయడం, సమాసం మధ్యలో ఊపిరి తీసుకోవడం, దీర్ఘాన్ని హ్రస్వంగా, హ్రస్వాన్ని దీర్ఘంగా పలకడం తరచుగా కనిపించే దోషాలు. రాగప్రవాహంలో కొంత సాగదీత తప్పదని వాదించేవారున్నారు. వాదంలో కొంత నిజముంది. అయితే వాగ్గేయకారుడు ఆర్తితో వేసిన ప్రశ్నను నెరవులో ఉత్సాహంగా గెంతించినప్పుడు, భాష తెలిసిన శ్రోత దానిని గుర్తించి చెప్పకపోతే మరెవరు చెబుతారు?

కల్పనస్వరాలు, లెక్క

కల్పనస్వరాలలో రెండు గుణాలను వేరువేరుగా చూడాలి. ఒకటి రాగభావం, రెండవది లెక్క. లెక్క అనగానే సామాన్య శ్రోతలు భయపడతారు గాని దాని మూలం చిన్న కూడిక మాత్రమే. ఆదితాళంలో 8 అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి 4 మాత్రల చొప్పున ఒక ఆవర్తనానికి 32 మాత్రలు. గాయకుడు 10 మాత్రల స్వరగుచ్ఛాన్ని మూడు సార్లు పాడి, మధ్య రెండు చోట్ల ఒక్కొక్క మాత్ర విరామం ఇస్తే 10, 1, 10, 1, 10 కలిసి సరిగ్గా 32 అవుతుంది. సమం మీద మొదలైనది మళ్ళీ సమం మీదనే వచ్చి పడుతుంది. ఎత్తుగడ సమం మీద కాక ఒకటిన్నర అక్షరం తరువాత ఉంటే మరొక 6 మాత్రలు కలుపుకోవాలి. ముక్తాయింపులన్నీ ఇటువంటి కూడికల విస్తరణలే. చేతితో తాళం వేస్తూ కూర్చున్న శ్రోత ఎవరి సహాయం లేకుండానే తప్పు పట్టుకోగలడు.

లెక్క సరిపోవడం కనీసపు యోగ్యత, దానికే పూర్తి మార్కులు వేయరాదు. గుచ్ఛంలోని స్వరాలు రాగానికి సహజమైన ప్రయోగాలా, లేక సంఖ్య కుదరడం కోసం అతికించినవా అని చూడాలి. లెక్క కోసం రాగాన్ని వంచిన సందర్భాలు పెద్ద సభలలో కూడా వినిపిస్తాయి. చప్పట్లు మాత్రం అక్కడే ఎక్కువగా పడతాయి.

పక్కవాద్యాలు

కచేరీ ఒక్కరి పని కాదు. వయొలిన్ విద్వాంసుడు గాయకుని ఆలాపనను వెన్నంటి, తరువాత తన వంతులో అదే రాగాన్ని తన మాటలలో చెప్పాలి. గాయకుడు పాడినదానినే అప్పజెప్పడం ఒక దోషం, గాయకుని మించిపోవాలని ప్రధాన కృతిని పోటీగా మార్చడం మరొక దోషం. మృదంగం ఎక్కడ మోగింది అన్నదానితో పాటు ఎక్కడ ఆగింది అన్నదీ చూడాలి. నెరవులో సున్నితమైన చోట చేయి తగ్గించినవాడు సంగీతాన్ని వింటున్నాడని అర్థం. తని ఆవర్తనంలో మృదంగ ఘటాలు వంతులవారీగా పలుకుతూ, వంతు నిడివి తగ్గించుకుంటూ, చివరికి కలిసి మోహరా, ముక్తాయింపు చేరుకునే తీరు కచేరీలోకెల్లా ముచ్చటైన సంభాషణ. ఆ సమయంలో బయటకు లేచిపోయే శ్రోతలకు కచేరీ గురించి అభిప్రాయం చెప్పే అర్హత సగం పోయినట్లే.

విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగాను, ఆ తరువాత ప్రధానాచార్యులుగాను పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఏకవాద్య కచేరీ స్థాయికి తీసుకువచ్చినవారిలో అగ్రగణ్యులు. ఆయన నాదం మృదువైనది. గట్టిగా వాయించడమే ప్రతిభ అనుకునే కొలతకు ఆయన వాదనం లొంగదు. అదే కళాశాలకు తొలి ప్రధానాచార్యులైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) అయిదు తాళాలను ఏకకాలంలో నడిపించిన లయజ్ఞులుగా ప్రసిద్ధులు. ఒకే కళాశాల ఇంత భిన్నమైన ఇద్దరిని తలదాల్చింది.

జాం బ్యాండ్లు

అమెరికాలో 1965లో కాలిఫోర్నియాలో ఏర్పడిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందాన్ని ఈ తరహా బృందాలకు ఆద్యులుగా చెబుతారు. 1983లో వెర్మాంట్ రాష్ట్రంలో మొదలైన ఫిష్ మరొక ప్రసిద్ధ బృందం. వీరు ఒక పాటను తీసుకొని, దాని మధ్యలో తలుపు తెరిచి బయటికి వెళ్ళినట్లు చాలాసేపు కల్పిస్తూ వాయించి, తిరిగి పాటలోకి వస్తారు. గ్రేట్‌ఫుల్ డెడ్ వారి డార్క్ స్టార్ అనే పాట 1968 నాటి చిన్న రికార్డులో మూడు నిమిషాల లోపే ఉంటుంది. 1969లో వెలువడిన కచేరీ రికార్డులో అదే పాట ఇరవై నిమిషాలు దాటుతుంది. మనకిది విడ్డూరం కాదు. నాలుగు నిమిషాల కృతిని ముప్పావు గంట పాడటం మన సభలలో సామాన్యమే.

పోలిక ఇక్కడితో ఆగదు. ఆ బృందం ఏ రెండు కచేరీలలోను పాటల వరుసను ఒకేలా ఉంచేది కాదు. శ్రోతలు కచేరీలను సొంతంగా రికార్డు చేసుకోవడాన్ని అడ్డుకోలేదు సరికదా, 1984 నుంచి అలా రికార్డు చేసేవారికి ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఫలితంగా వేలకొద్దీ కచేరీల రికార్డులు చేతులు మారాయి. ఒక పాటను పలు సంవత్సరాలలో ఎలా వాయించారో పోల్చి చెప్పగల శ్రోతలు తయారయ్యారు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీని చాలామంది ఉత్తమమైనదిగా భావిస్తారు. 2012లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం దానిని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఆ కచేరీకి అంత పేరు రావడానికి వాదనంతో పాటు దాని రికార్డు స్వచ్ఛంగా ఉండటం కూడా కారణమని వాదించేవారున్నారు. ఇది ఆలోచించదగిన మాట. రికార్డు బాగా లేక ఎన్ని మంచి కచేరీలు మరుగున పడ్డాయో లెక్క లేదు, మన దేశంలో మరీను.

ముఖ్యమైన భేదం కూడా ఉంది. కర్ణాటక కచేరీలో గాయకునిదే ఆధిపత్యం. జాం బ్యాండ్‌లో అందరూ సమానులు, ఎవరు దారి చూపితే మిగిలినవారు అటు నడుస్తారు. కనుక అక్కడ మొదట చూడవలసినది వినికిడి. ఒకరు ఎత్తుకున్న భావాన్ని మరొకరు అందుకున్నారా, దారి తప్పినప్పుడు ఎవరు ఎలా సర్దుకున్నారు, కల్పన చివరికి ఎక్కడికైనా చేరిందా లేక అలసి ఆగిపోయిందా అనేవి ప్రశ్నలు. రాగలక్షణం వంటి కట్టుబాటు లేనందున ఈ చివరి ప్రశ్నకు బరువు ఎక్కువ.

శక్తి బృందం, మాండలిన్ శ్రీనివాస్

రెండు పద్ధతులూ ఒకే వేదిక మీద కలిసిన సందర్భం శక్తి బృందం. గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం టి.హెచ్.వినాయకరాం 1970లలో దీనిని నడిపారు. వారి తొలి ఆల్బం 1975లో న్యూయార్కు రాష్ట్రంలోని ఒక కళాశాలలో జరిగిన కచేరీ రికార్డే. 1997 తరువాత రిమెంబర్ శక్తి పేరుతో బృందం మళ్ళీ కూడినప్పుడు అందులో మాండలిన్ వాయించినవారు మన పాలకొల్లుకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014).

శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. మాండలిన్‌పై గమకం పలకదని తొలిరోజులలో ఆక్షేపణ ఉండేది. జంట తీగెల మాండలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది కనుక ఆక్షేపణ నిరాధారం కాదు. ఆయన విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి, జంట తీగెలకు బదులు ఒంటి తీగెలు అయిదింటిని అమర్చుకొని నాదాన్ని నిలిపారు. తీగెను పక్కకు లాగి, వేలిని జార్చి గమకాలు పలికించారు. కొత్త వాద్యం వచ్చినప్పుడు వాద్యం పుట్టిన దేశాన్ని బట్టి కాక, రాగం పలికిందా లేదా అన్నదానిని బట్టి తీర్పు చెప్పాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. వయొలిన్ కూడా ఒకప్పుడు పరాయి వాద్యమే.

రిమెంబర్ శక్తి కచేరీలలో శ్రీనివాస్, మెక్‌లాఫ్లిన్ మధ్య సాగే ప్రశ్నోత్తరాలను వినేటప్పుడు రెండు కొలతలూ వాడవలసి వస్తుంది. శ్రీనివాస్ వంతులో రాగశుద్ధిని చూస్తాము, ఇద్దరూ కలిసినచోట పరస్పర శ్రవణాన్ని చూస్తాము. ఒకే కొలతతో రెండింటినీ తూచిన సమీక్షలు ఎవరో ఒకరికి అన్యాయం చేస్తాయి.

ముందే తయారు చేసుకున్నదా?

ఇది గుణనిర్ణయంలో అన్నింటికంటె చిక్కైన ప్రశ్న. ఒక్క కచేరీ విని, ఈ కల్పన అప్పటికప్పుడు పుట్టిందని ఎవరూ రూఢిగా చెప్పలేరు. అదే రాగాన్ని అదే విద్వాంసుడు పాడిన రెండు మూడు కచేరీలు వింటే కొంత తెలుస్తుంది. ముక్తాయింపులు అక్షరం మారకుండా పునరావృతమైతే అవి ఇంట్లో తయారైనవే. అంతమాత్రాన అది మోసం అనరాదు. విద్వాంసునికి సాధనలో కూడబెట్టిన ప్రయోగాల నిధి ఉంటుంది. సంభాషించేవాడు పదాలను కొత్తగా సృష్టించడు, ఉన్న పదాలనే సందర్భానికి తగినట్లు కూరుస్తాడు. అందుచేత కొత్తదనం కంటె ఔచిత్యానికి ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వివాదాలు

సంగీత తీర్పులపై వివాదాలు ప్రాచీనమైనవే. బొబ్బిలి కేశవయ్య అనే తెలుగు విద్వాంసుడు తంజావూరుకు వచ్చి ఆస్థాన విద్వాంసులను సవాలు చేయగా, శ్యామశాస్త్రి ఎదుర్కొని గెలిచారని ఐతిహ్యం. కేశవయ్య 128 అక్షరాల సింహనందన తాళం పాడితే శాస్త్రిగారు 79 అక్షరాల శరభనందన తాళంతో బదులిచ్చారట. ఈ కథ ఆ నోటా ఈ నోటా వచ్చినదే గాని, ఆ కాలపు న్యాయనిర్ణేతలు క్లిష్టమైన లయకు ఎంత బరువిచ్చారో దానివల్ల తెలుస్తుంది.

ఆధునిక కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) మహతి, లవంగి, సుముఖం వంటి రాగాలను వెలయించినప్పుడు, మూడు నాలుగు స్వరాలతో రాగం నిలుస్తుందా అనే ప్రశ్న వచ్చింది. వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ వాటిని రాగసృష్టిగా అంగీకరించక తీవ్రంగా విమర్శించారు. శాస్త్రచర్చ ఎలా తేలినా, కచేరీ వేదికపై ఆ కొద్ది స్వరాలతో శ్రోతను నిలబెట్టగలగడం వేరే ప్రతిభ. దానిని శాస్త్రవివాదంతో కలపకుండా తూచాలి.

ఆకాశవాణి శ్రేణులు

1950లలో బి.వి.కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నకాలంలో ఆకాశవాణి ధ్వనిపరీక్ష విధానం రూపుదిద్దుకుంది. బి, బి-హై, ఎ, టాప్ అనే శ్రేణులు ఏర్పడ్డాయి. కళాకారుని పేరు తెలియకుండా రికార్డు విని శ్రేణి నిర్ణయించడం ఇందులోని మెచ్చదగిన అంశం. పేరు, వేషం, వంశం, వేదికపై హావభావాలు అడ్డురావు. లోపం కూడా దానిలోనే ఉంది. కొద్ది నిమిషాల రికార్డులో శ్రోతల ఎదుట మూడు గంటలు కచేరీని నిలబెట్టే శక్తి తెలియదు. పక్కవాద్యాలతో సమన్వయం కొంతే తెలుస్తుంది. రాత్రంతా ఊరేగింపులో ఒకే రాగాన్ని విస్తరించే నాదస్వర విద్వాంసునికి ఈ కొలత మరీ ఇరుకైనది. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం చేరి కీర్తి గడించిన షేక్ చినమౌలానా (1924–1999) వంటివారి విద్య అటువంటి సుదీర్ఘ వాదనంలోనే పండింది.

డోర్నకల్ పరిసరాలలో

డోర్నకల్ పెద్ద సంగీత సభలున్న నగరం కాదు. 2016 వరకు వరంగల్ జిల్లాలో, ఆ తరువాత మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం కాజీపేట – విజయవాడ మార్గంలో రైల్వే కూడలి. భద్రాచలం రోడ్ శాఖామార్గం ఇక్కడే చీలుతుంది. ఇక్కడి శ్రోతలకు కల్పనా సంగీతం మూడు దారులలో పరిచయం.

మొదటిది భజన. భద్రాచల రామదాసు కీర్తనలను భజన బృందాలూ పాడతాయి, కచేరీ విద్వాంసులూ పాడతారు. బాలమురళీకృష్ణ వీటిని రేడియో ద్వారా, రికార్డుల ద్వారా ఇంటింటికీ చేర్చారు. భజనలో ముఖ్య గాయకుడు ఎత్తుకున్నది పదిమంది అందుకోగలగాలి. అతడు గొప్ప సంగతి వేసి గుంపును నిలిపివేస్తే కచేరీలో అది గుణం, భజనలో దోషం.

రెండవది క్రైస్తవ కీర్తన. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషిక్తులైన వి.ఎస్.అజరయ్య డోర్నకల్ కేంద్రంగా పనిచేశారు. 1939లో పూర్తయిన ఇక్కడి కెథడ్రల్ వాస్తువులో స్వదేశీ రీతులకు చోటు కల్పించారు. పురుషోత్తమ చౌదరి మొదలైనవారి కీర్తనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగతాళాల పేర్లు అచ్చువేసి ఉంటాయి. బిలహరి, ఆది అన్న మాటలు చాలామంది పిల్లలు మొదట చదివేది అక్కడే. పాడేటప్పుడు ఆ రాగం ఎంతవరకు నిలిచింది, వాడుక వరస ఎంతవరకు కమ్ముకుంది అని పరిశీలించడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

మూడవది ఒగ్గు కథ. డోలు, తాళాల సహకారంతో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పే ఈ కళలో కథాక్రమం నియతం, మాటలు చాలావరకు అనియతం. ప్రధాన కథకుడు సభను చూసి సన్నివేశాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. వంతపాడేవాడు ప్రశ్నలు వేసి, హాస్యమాడి, అలసిన శ్రోతలను లేపుతాడు. ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన చుక్క సత్తయ్య (2017లో మరణించారు) ఈ కళను జాతీయ వేదికలకు చేర్చారు. ఒగ్గు కథకుని శ్రుతిశుద్ధితో మాత్రమే కొలిచే న్యాయనిర్ణేతలు యువజనోత్సవాలలో కనిపిస్తూ ఉంటారు. కథకుడు ఏడ్పించవలసిన చోట ఏడ్పించాడా, వంతవాని ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చాడా, పక్కదారి పట్టిన కథను తిరిగి తెచ్చి కలిపాడా అన్నవి ఆ కళ స్వయంగా అడిగే ప్రశ్నలు. వేదికపై పది నిమిషాలకు కుదించిన ఒగ్గు కథలో వీటిలో ఏదీ బయటపడదు. అందువల్ల పోటీలు నిర్వహించేవారు కనీసం ఒక ఘట్టం పూర్తిగా సాగేంత సమయం కేటాయించడం అవసరం.